ప్రకటన తర్వాత మొదటి మాట

సోమవారం సాయంత్రం ఏడో నంబరు ఛానల్లో ప్రకటనలు అయిపోయాయి. వార్తలు చదివే అమ్మాయి మళ్ళీ తెర మీదికొచ్చి నోరు కదిపింది. టింగత్తకి ఒక్క ముక్క వినబడలేదు. గుటక వేసేంత సేపు గదంతా నిశ్శబ్దం. ఆ తర్వాత ఉన్నట్టుండి, "...దాకా ఎవరూ అటు వెళ్ళొద్దని అధికారులు కోరుతున్నారు" అన్న మాటలు పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా వచ్చిపడ్డాయి.

"ఎటు వెళ్ళొద్దంట?" అని మొగుణ్ణి అడిగింది.

"పాత వంతెన మూసేశారట, శనివారం దాకా," అన్నాడాయన, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"మీకు వినబడిందా?"

"ఎందుకు వినబడదూ? ఇద్దరం ఒకే టీవీ ముందు కూర్చున్నాం కదా."

ఆవిడ ఒళ్ళో ఉన్న ఉతికిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఒకసారి మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టింది. మాట పోవడం ఈ సాయంత్రం ఇది మూడోసారి. రెండు నెలలుగా ఇదే వరస. మాటల మధ్యలో ఎవరో ఓ ముక్క కత్తిరించి పట్టుకుపోయినట్టు రెండు సెకన్లు మాయమవుతాయి. ఆయన్ని అడిగితే ఆ ముక్క ఆయన దగ్గర భద్రంగా ఉంటుంది. మర్నాడు పేపర్లో చూస్తే ఆయన చెప్పిందే అచ్చయి ఉంటుంది. ఒకసారి కాదు, పదిసార్లు సరిచూసుకుంది. అంటే మాట టీవీలోంచి వస్తోంది, ఆయనకి చేరుతోంది, తనకి చేరడం లేదు. ఇందులో అర్థం కానిదేముంది, చెవులు పోతున్నాయి.

ఇంకెవరికైనా అయితే వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోవచ్చు. టింగత్త బతుకంతా చెవుల మీదే నడుస్తోంది.

పింగాణీ కార్ఖానాలో కాలి చల్లారిన కప్పులన్నీ ఆవిడ బల్ల మీదికి వస్తాయి. ఎడంచేతి మూడు వేళ్ళ మీద కప్పుని నిలబెట్టి, కుడిచేతిలోని వేలెడంత కొయ్య సుత్తితో అంచు మీద ఒక్కటి తడుతుంది. మంచి కప్పు టింగుమంటుంది. ఆ మోత వేళ్ళలోకి దిగి కాసేపు నిలబడుతుంది. కంటికి కనబడని బీట ఉన్న కప్పు టక్కుమని నోరు మూసుకుంటుంది. టింగన్నది కుడివైపు ట్రేలోకి, టక్కన్నది ఎడమవైపు పెంకుల బుట్టలోకి. రోజుకి రెండు వేల కప్పులు, పంతొమ్మిదేళ్ళుగా. అందుకే కార్ఖానాలో పెద్దా చిన్నా అందరికీ ఆవిడ టింగత్తే. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అవసరం పడలేదు.

ఈ శుక్రవారం కార్ఖానాలో ఏటేటా జరిగే చెవుల పరీక్ష. అందులో తప్పినవాళ్ళని బల్ల దగ్గర్నుంచి లేపి, అట్టపెట్టెలు అతికించే షెడ్డులో వేస్తారు. పనిలోంచి తీసెయ్యరు, పాపం, మంచివాళ్ళే. కానీ ఆ షెడ్డులో యంత్రాల రొద తప్ప ఇంకేమీ ఉండదు. పంతొమ్మిదేళ్ళు వేళ్ళ మీద మోత మోసినావిడ అట్టకి జిగురు రాస్తూ కూర్చోవాలి.

"అన్నం చల్లారిపోతోంది, రండి," అని వంటింట్లోంచి పిలిచింది. ఆయన కదల్లేదు. మగాళ్ళకి వంటింటి పిలుపు వినబడకపోవడం కొత్త రోగమేమీ కాదు. గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపితే, అప్పుడు లేచాడు.

మంగళవారం పొద్దున్నే బల్ల ముందు కూర్చుని, అలవాటు ప్రకారం మూలనున్న సాక్షి కప్పు చేతిలోకి తీసుకుంది. అది పిడిలేని తెల్ల కప్పు. ఆవిడకి పని నేర్పిన ముసలామె ఎప్పుడో ఏరి పెట్టింది. దానికి ఏ లోపమూ లేదని అందరికీ తెలుసు. అందుకే రోజూ మొదటి దెబ్బ దాని మీద. అది టింగంటే సుత్తి బాగుంది, బల్ల బాగుంది, చెవి బాగుంది, పని మొదలుపెట్టుకోవచ్చు.

సాక్షి కప్పు టింగుమంది. నిన్నటంత మోగిందా? నిన్న ఇంకాస్త పొడుగ్గా మోగలేదూ? అనుమానం పెనుభూతం అంటారు. ఒకసారి ఎక్కి కూర్చుందంటే ఇక దిగదు. రెండో కప్పుకే చెయ్యి ఆగింది, మూడో కప్పుని రెండుసార్లు తట్టింది, నాలుగోదాన్ని ఎందుకొచ్చిన గొడవలెమ్మని పెంకుల బుట్టలో వేసేసింది. మధ్యాహ్నానికి బుట్ట నిండి రెండోది తెచ్చుకోవాల్సి వచ్చింది.

సూపర్వైజరమ్మ వచ్చి బుట్టలోంచి ఒక కప్పు తీసింది. కలం వెనకభాగంతో తట్టింది. టింగ్. ఇంకోటి తీసింది. టింగ్.

"టింగత్తా, ఇవి చక్కగా మోగుతున్నాయి కదా?"

"అనుమానంగా ఉంటే తీసేశానమ్మా."

"అనుమానంతోనే రెండు బుట్టలు నింపితే ఎలా? నువ్వు తీసేసిన కప్పుని నేనెప్పుడూ రెండోసారి తట్టి చూసినదాన్ని కాదు." సూపర్వైజరమ్మ కప్పుని ట్రేలో పెట్టి, గొంతు తగ్గించింది. "ఒంట్లో బాగుంటోందా? సరేలే, శుక్రవారం పరీక్ష కానీ, తర్వాత మాట్లాడుకుందాం."

ఆ 'తర్వాత' అన్నమాట రోజంతా బల్ల మీదే కూర్చుంది.

షిఫ్టు మూడింటికి అయిపోయింది. నడిచి వస్తుంటే ముసలామె నేర్పిన పాఠం గుర్తుకొచ్చింది. వరసగా మూడు టక్కంటే కప్పుని కాదే పిల్లా, సుత్తిని అనుమానించు. సుత్తి మార్చి చూడు. అప్పటికీ టక్కంటే బల్ల మార్చి చూడు. ఒకేసారి రెండూ మార్చావో, దొంగ ఎవరో నీకు జన్మలో తెలీదు. పంతొమ్మిదేళ్ళలో ఆ పాఠం ఒక్కసారి కూడా తప్పలేదు. మరి రెండు నెలలుగా ఇంట్లో టక్కుమంటుంటే తను చేసిందేమిటి? తిన్నగా వెళ్ళి చెవి మీద పడింది. సుత్తిని చూడలేదు, బల్లని చూడలేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెవులు పోయి టీవీని తిట్టుకోవడం కాదు కదా ఇది అని మనసులో ఓ మూల పీకుతూనే ఉంది. అయినా దారిలో టీవీ మెకానిక్ దుకాణం ముందు ఆగింది.

మెకానిక్ యాభై ఏళ్ళవాడు, చెవి మీద పెన్సిల్, జేబులో టెస్టర్. డాబా ఎక్కి యాంటెన్నా చూశాడు. తీగ అతుకు విప్పి, రాగి మొన గీకి, మళ్ళీ బిగించాడు. కిందికొచ్చి అరచేతంత మీటరు టీవీ వెనక తీగకి తగిలించి చూపించాడు.

"తొంభై రెండు, అక్కా. ఊళ్ళో ఇంత మంచి సిగ్నల్ నాకు కూడా రాదు."

"మరి గొంతు ఎందుకు పోతోంది?"

"సిగ్నల్ తగ్గితే ముందు బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదురుతుంది. గొంతూ దాంతోపాటే పోతుంది. బొమ్మ నిక్షేపంలా ఉండి గొంతొక్కటే పోవడం నేనైతే చూళ్ళేదు." టీవీ ముందు కుర్చీలో కూర్చున్నాడు. "చూద్దాం. ఎప్పుడు పోతుంది?"

ఏడో ఛానల్లో ఎవరో పాతకాలపు ఇళ్ళ గురించి చెబుతున్నారు. పది నిమిషాలు ముగ్గురూ కూర్చున్నారు. ఆవిడ మొగుడికి ఊళ్ళో సెలూను ఉంది, అందరికీ ఆయన సెలూనాయనే. ఆయన కూడా మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికి ఇంటికి వచ్చి ఉన్నాడు. గొంతు ఒక్క క్షణం కూడా పోలేదు. పిలిచినప్పుడు రాని నొప్పి అంటే ఇదే.

"మీకూ పోతోందా బావగారూ?" అని మెకానిక్ ఆయన వైపు తిరిగి అడిగాడు.

"నాకెప్పుడూ పోలేదయ్యా. తనే అడుగుతుంటుంది, నేను చెబుతుంటాను."

మెకానిక్ మొగుడి వైపు, పెళ్ళాం వైపు ఒకసారి చూశాడు. లేచి, మీటరు సంచిలో పెట్టుకుని, టింగత్త మొహం దగ్గరికి వంగి ఒక్కో మాటా విడదీస్తూ గట్టిగా అన్నాడు: "మా అమ్మకి కూడా ఇలాగే మొదలైంది అక్కా! డాక్టరుకి చూపించు! టీవీకి ఏం కాలేదు!"

పక్కింటివాళ్ళు కూడా వినేంత గొంతు అది. ఆవిడకి చెంపలు మండాయి. ఇవాళ ఒక్కడు అరిచి మాట్లాడాడు, శుక్రవారం తర్వాత అందరూ అలాగే మాట్లాడతారు. ఆయన అడ్డుచెప్తాడేమోనని చూసింది. ఆయన చెప్పులు వేసుకుని సెలూనుకి బయల్దేరుతున్నాడు.

బుధవారం ఇంటికి రాగానే టింగత్త గోడకున్న క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి, వెనకవైపు మూడు గళ్ళు గీసింది. మూడు, ఏడు, పన్నెండు. ఇంట్లో చూసే ఛానళ్ళు ఆ మూడే. గోడ గడియారం ఎదురుగా కూర్చుని, ఒక్కో ఛానల్ ముందు గంటసేపు కదలకుండా వింది. గొంతు పోయినప్పుడల్లా గడిలో టైము రాసుకుంది. సాక్షి కప్పు లేని చోట పని చెయ్యడం ఆవిడకి ఇదే మొదటిసారి, చేతులు ఊరికే ఉండలేక ఒళ్ళో చెంచా పట్టుకుని కూర్చుంది.

ఆరున్నరకి కాగితం ముందు పెట్టుకుని చూస్తే ఏడో గడిలో ఆరు టైములు, పన్నెండో గడిలో నాలుగు. మూడో గడి ఖాళీ.

ఆవిడ ఖాళీ గడి వైపే చాలాసేపు చూసింది. మూడో ఛానల్లో గంటసేపు ఒక్క మాట పోలేదు. చెవులు పోయేవి పోతే అన్ని ఛానళ్ళకీ పోవాలి గానీ, ఛానల్ నంబరు చూసుకుని పోతాయా? రెండు నెలల తర్వాత మొదటిసారి లోపల భయం కాకుండా ఇంకేదో కదిలింది. కొత్త రకం కప్పు బల్ల మీదికొస్తే ఎలా మోగుతుందో చూద్దామని చెయ్యి దురద పెట్టినట్టు.

మళ్ళీ కాగితం మీదికి వంగింది. ఐదు గంటల పన్నెండుకి ఏమైంది? ప్రకటనలు మొదలయ్యాయి. పదహారుకి? ప్రకటనలు అయిపోయాయి. ముప్పై ఒకటికి మళ్ళీ మొదలు. పదింటికి పదీ అంతే. పోయింది ప్రతిసారీ ప్రకటన మొదటి మాటో, ప్రకటన తర్వాత మొదటి మాటో. నిన్న మెకానిక్ కూర్చున్న పది నిమిషాల్లో ప్రకటనలే రాలేదు మరి. "దొంగ వచ్చే వేళ తెలిసింది," అని టీవీతో పైకే అంది.

సెలూనాయన వచ్చేసరికి పన్నెండో ఛానల్లో అడవి జంతువుల కార్యక్రమం నడుస్తోంది. మనుషులెవరూ కనబడరు, వెనకనించి ఓ గొంతు చెబుతుంటుంది. ఆవిడకి అదంటే ప్రాణం.

"ఇదేం చూస్తావోయ్, ఎప్పుడు చూసినా నిద్రొస్తుంది. వార్తలు పెట్టు," అంటూ కూర్చున్నాడు. ఆ మొహం కాస్త వాడిపోయి ఉంది.

"ఏమైందండీ?"

"ఏముంది, పోస్టాఫీసు ఆయన నా మీద ఎగిరి వెళ్ళిపోయాడు. తల కడుగుతుంటే బేసిన్లోకి వంగి ఏదో గొణిగాడు, సరేనన్నాను. వెనక పొడుగ్గానే ఉంచమన్నాడట. నేను పొట్టిగా తీసేశాను. జనానికి ఈ మధ్య స్పష్టంగా మాట్లాడ్డం చేతకావడం లేదు."

ఆవిడ బుర్రనిండా ప్రకటనలే తిరుగుతున్నాయి. ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

గురువారం మూడున్నరకి అసలు పని మొదలైంది. యాంటెన్నా తీగ మార్చి చూసే అవసరం లేదు, మెకానిక్ మొన్ననే దాన్ని గీకి బిగించాడు, అయినా నిన్న గొంతు పోయింది. టీవీ ఒకటి మిగిలింది, దాని కింద, గొంతు పలికించే సౌండ్ బార్ ఒకటి మిగిలింది. పొడుగ్గా, నల్లగా, అరుగులా టీవీ ముందు పడుకుని ఉండే ఆ బారు అమ్మాయి రెండు నెలల కింద పార్శిల్లో పంపింది. ఇంట్లో అన్నిటికన్నా కొత్తది, పైగా కూతురు పంపింది. దాన్నెవరు అనుమానిస్తారు?

ఒక్కటే మార్చాలి. బారు నుంచి టీవీలోకి వెళ్ళే సన్నటి తీగని టీవీ వైపు లాగింది. ఆ రంధ్రంలో ఎర్రటి వెలుగు చుక్క కనబడింది. టీవీ సొంత గొంతు సన్నగా, జలుబు చేసినట్టు వచ్చింది. ఏడో ఛానల్ పెట్టి కూర్చుంది. ప్రకటన వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఆరు సరిహద్దులు దాటాయి. ఒక్క మాట కూడా పోలేదు.

తీగ మళ్ళీ గుచ్చింది. తర్వాతి ప్రకటనకే గొంతు పోయింది.

ఈసారి బారు ముందు నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. దాని కొసన ఆవగింజంత దీపం ఒకటి వెలుగుతోంది, నీలంగా. కార్యక్రమం ఆగి సబ్బు ప్రకటన రాగానే దీపం ఆరింది, రెండు సెకన్ల తర్వాత తెల్లగా వెలిగింది. ప్రకటనలు అయిపోగానే మళ్ళీ ఆరింది, నీలంగా వెలిగింది. దీపం ఆరినంతసేపే గొంతు లేదు. తర్వాతిసారి టింగత్త రెండు చెవులూ వేళ్ళతో గట్టిగా మూసుకుని దీపాన్నే చూసింది. ఆరింది, వెలిగింది. వినకుండానే తెలిసిపోయింది. ఇంతకన్నా మంచి సాక్షి ఏ కార్ఖానాలో దొరుకుతుంది?

మెకానిక్ ఫోన్లో అంతా విని, దుకాణం మూసి మరీ వచ్చాడు. దీపం రంగు మారడం రెండుసార్లు చూసి నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో అక్కా. ఈ రెండు ఛానళ్ళూ కార్యక్రమాల్లో గొంతుని ఆరు పాయలుగా పంపిస్తాయి, సినిమా హాల్లోలాగ. ప్రకటనలు మామూలుగా రెండు పాయలే. పాయలు మారినప్పుడల్లా ఈ బారు ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ అందుకుంటోంది. మూడో ఛానల్లో ఎప్పుడూ రెండే, అందుకే గొడవ లేదు." రిమోట్ తీసుకుని టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి, గొంతు బయటికి పంపే పద్ధతి దగ్గర ఉన్నదాన్ని పీసీఎం అని మార్చాడు. "ఇక టీవీయే అన్నిటినీ రెండు పాయలు చేసి పంపుతుంది. బారుకి మారే పనుండదు."

ఇద్దరూ దీపం ముందు కూర్చున్నారు. ప్రకటన వచ్చింది. దీపం తెల్లగానే ఉంది. ప్రకటన పోయింది. వంట నేర్పే ఆవిడ తెర మీదికొచ్చి, "మరి ఇప్పుడు మంట తగ్గించి" అన్న మాట మొదటి అక్షరం నుంచీ గదిలోకి వచ్చింది. టింగత్తకి ఆ మంట తగ్గించడం కన్నా అందమైన మాట ఈ మధ్య విన్నట్టు గుర్తు లేదు.

"మొన్న నీ మీద అరిచి మాట్లాడానక్కా," అన్నాడు మెకానిక్ గుమ్మం దగ్గర.

"అరిచావు. ఇప్పుడు మెల్లగా చెప్పు, వింటాను."

"తప్పయిపోయింది," అన్నాడతను, నిజంగానే మెల్లగా. ఆవిడకి వినబడింది.

సంతోషం పట్టలేక అమ్మాయికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పి, "అంతా బాగుంది గానీ, అసలు నీకీ బారు పంపాలని ఎందుకు తోచిందే?" అంది.

"నాకెక్కడ తోచిందమ్మా, నాన్నే అడిగాడు. టీవీ గొంతు మరీ సన్నగా వస్తోంది, ఏమైనా పంపమన్నాడు. అమ్మతో నేనడిగానని చెప్పకు అన్నాడు. అయ్యో, చెప్పేశానా?"

ఫోన్ పెట్టేశాక టింగత్త కుర్చీలో కూర్చుంది. టీవీ దాని మానాన అది మాట్లాడుతోంది. సన్నగా వస్తోందని తనకెప్పుడూ అనిపించలేదే. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. రెండు నెలలుగా దాని మీదే కూర్చుని ఉన్నా ఇప్పటిదాకా కనబడని సంగతి.

దీపం ఆరినప్పుడు బారులోంచి ఏ చప్పుడూ రాలేదు. తనకి వినబడకపోవడం కాదు, అసలు గదిలోకే రాలేదు. గదిలోకి రాని 'పాత వంతెన మూసేశారు' అన్న మాట ఆయన చెవికి ఎలా చేరింది?

కార్ఖానాలో కప్పులు ఒక్కొక్కటే ఎత్తినట్టు ఒక్కొక్కటే ఎత్తి చూసుకుంది. వంటింటి పిలుపు, టక్. వెనకనించి గొంతు చెప్పే అడవి కార్యక్రమం, టక్. బేసిన్లోకి వంగిన పోస్టాఫీసు ఆయన, టక్. ఎదురుగా మొహం చూపిస్తూ వార్తలు చదివే అమ్మాయి మాత్రం, టింగ్. మొన్న మెకానిక్ ఆయన వైపు తిరిగి అడిగాడు, అందుకే జవాబొచ్చింది. తను కూడా ఇన్నేళ్ళుగా తెలియకుండానే గుమ్మంలోకి వచ్చి, ఎదురుగా నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఆయనది సెలూను. రోజంతా కుర్చీ వెనక నిలబడి, అద్దంలో ఎదుటివాడి నోటి వైపు చూస్తూ మాట్లాడే వృత్తి.

ఆ సాయంత్రం ఆయన వచ్చి కూర్చున్నాక వంటింట్లోంచి ఒకసారి పిలిచింది. అంత గట్టిగానూ కాదు, అంత మెల్లగానూ కాదు. జవాబు రాలేదు. రెండోసారి పిలవలేదు. గట్టు మీద చేతులు పెట్టుకుని నిలబడింది. జాలి వేసింది. ఆ జాలి వెనకాలే కోపం కూడా వచ్చింది, పొయ్యి మీద పాలు పొంగినట్టు.

శుక్రవారం పరీక్ష పదకొండింటికి, పరీక్ష ఉన్నవాళ్ళకి ఆ పూట పని ఉండదు. తొమ్మిదిన్నరకి టింగత్త సెలూనుకి వెళ్ళింది. ఒక్క కుర్చీ దుకాణం. గోడంతా అద్దం, అరమీద దువ్వెనలు వేసిన గాజు సీసా, మూలన ఊడ్చి పోగుపెట్టిన వెంట్రుకలు. కస్టమర్లు కూర్చునే బల్ల మీద ఎవరూ లేరు. ఆవిడ వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"ఇదేమిటోయ్, ఇవాళ ఇటు తిరిగింది గాలి?" అంటూనే ఆయన తెల్లగుడ్డ దులిపి మెడ చుట్టూ కట్టాడు.

"చివర్లు కాస్త సరిచెయ్యండి," అంది. ఆయన జుట్టు విప్పి దువ్వాడు. కత్తెర రెండుసార్లు ఆడింది. అప్పుడావిడ అద్దంలో ఆయన కళ్ళలోకి చూస్తూ, గొంతులోంచి ఊపిరి కూడా రానివ్వకుండా, ఉత్తి పెదాలతో అడిగింది: ఇవాళ డాక్టరు దగ్గరికి నాతో వస్తారా?

"వస్తాలే. పదకొండింటికే కదా?" అన్నాడాయన కత్తెర ఆడిస్తూ. "ఈ మాత్రానికి ఇంత దూరం నడిచి రావాలా?"

ఆవిడ మళ్ళీ పెదాలతోనే అడిగింది: వినబడిందా?

"ఎందుకు వినబడదూ?"

ఆవిడ చెయ్యెత్తి, కత్తెర పట్టుకున్న ఆయన చేతిని పట్టుకుంది. కుర్చీలో వెనక్కి తిరిగి, అద్దంలోకి కాకుండా ఆయన మొహంలోకి చూస్తూ, గొంతెత్తి చెప్పింది. "నేనసలు మాట్లాడనే లేదండీ. రెండుసార్లూ ఉత్తి పెదాలే కదిపాను."

కత్తెర ఆగింది. ఆయన దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. అద్దం వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. చివరికి కస్టమర్ల బల్ల మీద కూలబడ్డాడు.

"నాకు తెలీదు," అన్నాడు. "ఏది చెవితో వింటున్నానో, ఏది కంటితో వింటున్నానో నాకే తెలీడం లేదు. అద్దంలో చూస్తే అందరి మాటా వినబడుతుంది. అద్దం లేని చోట జనం గొణుగుతున్నారనుకున్నాను. లోకమంతా గొణుగుతోందని."

"మరి అమ్మాయికి, అమ్మతో చెప్పొద్దని ఎందుకన్నారు?"

ఆయన దువ్వెన పళ్ళ మీద బొటనవేలు రాస్తూ కూర్చున్నాడు. "గోడ అవతల గిన్నె పడితే ఏ గిన్నో చెప్పే మనిషివి నువ్వు. నీతో ఏమని చెప్పను?"

"రెండు నెలలు," అంది టింగత్త. "రెండు నెలలు నా చెవులు పోయాయనుకున్నాను. బంగారంలాంటి కప్పుల్ని పెంకుల్లో పారేశాను. ఊరివాడు నా మొహం మీద అరిచి మాట్లాడితే తల వంచుకున్నాను. మీరు పక్కనే ఉన్నారు."

"నీకు నిజంగానే వినబడడం లేదనుకున్నాను. పైగా..."

"పైగా?"

"నేనొక్కణ్ణే కాదులే అనిపించింది. నువ్వూ తోడున్నావని."

ఆ మాటకి కోపం రావాలి. వచ్చింది. దులిపెయ్యాలని నోటిదాకా వచ్చిన నాలుగు మాటలు అక్కడే ఉన్నాయి. కానీ ఆయన తలెత్తి, ఆ మాటలు ఎప్పుడు బయటికొస్తాయా అని ఆవిడ పెదాల వైపే చూస్తున్నాడు. తిట్లని కూడా అక్కడే వెతుక్కుంటున్నాడు. ఆవిడ మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పి, దులిపి, కుర్చీ చేతి మీద వేసింది.

"లేవండి. షట్టర్ వెయ్యండి. టైమవుతోంది."

కార్ఖానా డాక్టరు గదిలో టింగత్త పరీక్ష పావుగంటలో అయిపోయింది. డాక్టరమ్మ కాగితం మీద గీత గీసి, కళ్ళద్దాలు పైకి తోసి చూసింది. "ఇది ఇరవై ఏళ్ళ పిల్ల చెవి. ఇంత సన్నటి చప్పుళ్ళు నాకే వినబడవు. ఎవరమ్మా నీకు భయం పెట్టింది?"

"ఒక నల్లబారు," అంది టింగత్త. తర్వాత గుమ్మం వైపు చూసింది. "ఇంకొకరున్నారు డాక్టరుగారూ. కార్ఖానా మనిషి కాదు, మా ఆయన. కాస్త చూడాలి."

డాక్టరమ్మ గడియారం చూసుకుని, సరేనంది. సెలూనాయన కుర్చీలో కూర్చున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టారు, చేతికి మీట ఇచ్చారు. చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కాలి. డాక్టరమ్మ యంత్రం వెనక తల వంచుకుంది. ఇక ఆయనకి ఎదురుగా మిగిలిన మొహం టింగత్తది ఒక్కటే. ఆయన కళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఆవిడ పెదాల మీద ఆగాయి. తను రాయాల్సిన జవాబు పక్కవాడి పలక మీద చూసే పిల్లాడి చూపు. ఒక్క చిన్న కదలిక చాలు, ఆయన నొక్కేస్తాడు. ఇన్నేళ్ళూ ఆయన బతికింది అలాగే, తను బతికించిందీ అలాగే.

టింగత్త కుర్చీతో సహా తిరిగి, గోడ వైపు మొహం పెట్టి కూర్చుంది.

కాసేపటికి హెడ్‌ఫోన్స్ అంచులోంచి సన్నగా, దారమంత చప్పుడు ఒకటి ఆవిడకి వినబడింది. మీట నొక్కిన శబ్దం రాలేదు. ఇంకాస్త గట్టిగా ఇంకోటి వినబడింది. మీట మోగలేదు. మూడోది, నాలుగోది. ఒక్కో చప్పుడుకీ ఆవిడ ఒళ్ళో వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటున్నాయి. ఐదోదానికి కూడా వెనక ఏ కదలికా లేదు.

ఆరో చప్పుడు గది మొత్తం వినేంత గట్టిగా వచ్చింది. కాస్త ఆగి, మీట టక్కుమంది.

"వినబడింది," అన్నాడాయన, చిన్న పిల్లాడిలా.

"ఈసారి నిజంగానే," అంది టింగత్త గోడతో. తర్వాత ఆయనకి వినబడదని గుర్తొచ్చి, కుర్చీ ఇటు తిప్పుకుని, ఎదురుగా కూర్చుని మళ్ళీ చెప్పింది.